బీరువా మోసిన సాయంత్రం: ఒక శృంగార కథ రాస్తూ పెట్టుకున్న డైరీ

జూన్ 2

కథ ఏమిటో ఒక్క వాక్యంలో రాసి కంప్యూటర్ పైన గోడకి అంటించాను: “విడిపోయిన తర్వాత ఒక ఆడమనిషికి కోరిక మళ్లీ ఎలా పుట్టుకొచ్చింది.” ఎవరి మీద పుట్టిందన్నది కావాలనే రాయలేదు. ఈ తరహా కథలు నేను చదివినవాటిల్లో కొత్త మగవాడు మూడో పేజీకే గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. అతను నవ్వగానే ఇన్నాళ్లూ మొద్దుబారిపోయిన ఒళ్లు ఝల్లుమంటుంది. అంత తేలిగ్గా అయ్యేపని అయితే ఇంక కథెందుకు? విడాకులో బ్రేకపో అయిన స్నేహితురాళ్లు చెప్పగా విన్నదాన్ని బట్టి, ముందు ఏదో ఒక చిన్న విషయంలో రుచి తిరిగొస్తుంది. మనిషి తర్వాతెప్పుడో వస్తాడు. ఒక్కోసారి రాడు కూడా.

పెట్టుకున్న హద్దులు: ఆమెకి 41 ఏళ్లు. తొమ్మిదేళ్లు ఒకరితో కలిసి బతికింది. తప్పెవరిదో కథలో తేలదు, ఎవరూ తేల్చడానికి ప్రయత్నించరు. పేరు పెట్టలేదు, పెట్టగానే ఏదో ఒక కులం, ఊరు, తరం వచ్చి మీద కూర్చుంటాయి. పక్క మీదకి వెళ్లాక లైటు తీసేసి తెల్లారిందని రాయడం ఉండదు. సినిమాల్లో రెండు పువ్వులు ఒకదానికొకటి తగిలించి చేతులు దులుపుకున్నట్టు నేను దులుపుకోను. అలాగని శరీరంలో ఏ భాగం ఏం చేసిందో వరసగా రిపోర్టు రాయడమూ నాకు ఇష్టం లేదు. ఆ రెండింటి మధ్యలో చోటు ఎంతుందో చూడాలి.

జూన్ 5

మనవాళ్లు శృంగారాన్ని ఇంత పట్టించుకున్నారు కదా, నా నాయిక ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని అలంకారశాస్త్రం తిరగేశాను. అష్టవిధ నాయికలు: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను. ఒకామె అతను వస్తాడని సిద్ధమై కూర్చుంది. ఒకామెకి అతను రాలేదు. ఒకామె దగ్గరికి ఇంకొకరి గోళ్ల గుర్తులతో వచ్చాడు. ఒకామె తిట్టి పంపించేసి ఇప్పుడు ఏడుస్తోంది. ఎనిమిదిమందీ అతను ఎక్కడున్నాడన్న లెక్క మీదే ఎనిమిదిమంది అయ్యారు. అతని సంగతి ఇంక పట్టని మనిషికి ఆ జాబితాలో కుర్చీ లేదు.

విరహం కూడా పనికిరాలేదు. విప్రలంభానికీ కరుణకీ తేడా భరతుడు నాట్యశాస్త్రంలోనే తేల్చేశాడు: మళ్లీ కలుస్తామన్న ఆశ ఉంటే విప్రలంభ శృంగారం, ఆశ తెగిపోతే కరుణరసం. నా నాయికకి ఆశ తెగిపోయింది, పైగా తనే తెంపుకుంది. ఏడుపు కూడా అయిపోయింది. శాస్త్రం ప్రకారం ఆమె శృంగారం పరిధి దాటిపోయింది. కథ సరిగ్గా అక్కడ మొదలుపెట్టాలి.

ముద్దుపళని కూడా గుర్తొచ్చింది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో కూర్చుని ‘రాధికా సాంత్వనము’ అనే కావ్యంలో రాధిక కోపాన్నీ కోరికనీ దాపరికం లేకుండా రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే గొడవై, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోయింది 1947లో. అందులో రాధిక మొదట తన చేత్తోనే ఇళ అనే అమ్మాయిని కృష్ణుడికి కట్టబెట్టి, ఆ తర్వాత ఓర్చుకోలేక రగిలిపోతుంది. ఆ రాధికకి కావల్సింది ఆ కృష్ణుడే, అతను దిగొచ్చి బుజ్జగించడమే. నా కథలో బుజ్జగించడానికి ఎవరూ రారు. అయినా ఒక ధైర్యం మాత్రం అక్కణ్ణుంచి తీసుకున్నాను: అడిగేది ఆమే అవుతుంది. పక్క మీద కూడా.

జూన్ 11

ప్లాట్ కుదరక తల పట్టుకున్నప్పుడు సెక్స్ సైన్స్ కాస్త పనికొచ్చింది. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు 1966లో గీసిన నాలుగు దశల పటంలో కోరిక అన్న మెట్టే లేదు, ఉద్రేకంతోనే మొదలు. 1970లలో హెలెన్ సింగర్ కప్లాన్ దాని ముందు కోరికని చేర్చింది. 2000లో రోజ్‌మేరీ బాసన్ అనే కెనడా డాక్టరు ఆ వరసనే తిరగేసింది: చాలామంది ఆడవాళ్లకి, ముఖ్యంగా ఏళ్ల తరబడి కలిసున్నవాళ్లకి, కోరిక ముందు పుట్టనక్కర్లేదు. దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక మధ్యలో ఎక్కడో పుట్టొచ్చు.

వీటన్నిటికంటే నా ప్లాట్‌ని లాక్కొచ్చింది అమెరికాలో సెక్స్ మీద పరిశోధనలు చేసే కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాంక్రాఫ్ట్, జాన్సెన్ చెప్పిన రెండు మీటల లెక్క. మెదడులో కోరికని నడిపించే ఏర్పాటు ఒకటి, బ్రేకులా ఆపే ఏర్పాటు మరొకటి. రెండూ విడివిడిగా పనిచేస్తాయి. ఒకటి ఎంత తొక్కినా రెండోది బిగిసి ఉంటే బండి కదలదు.

దాంతో పని మారిపోయింది. ఆమెని ఏం రెచ్చగొడుతుంది అని వెతకడం మానేసి, ఏమేం ఆపుతున్నాయో రాసుకున్నాను. మంచం మీద ఎడమ అంచున పడుకునే అలవాటు. స్నానాల గదిలో గొళ్లెం పెట్టుకోవడం, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా. అద్దంలో ముఖం వరకే చూసుకోవడం. ఆఖరి ఏడాది అతను ముట్టుకున్నప్పుడల్లా “ఇప్పుడు కాదు” అని చెప్పీ చెప్పీ, ఎవరైనా దగ్గరికొస్తే చాలు బిగుసుకుపోవడం నేర్చుకున్న భుజాలు. ఒక్కో సీన్‌లో ఒక్కటి వదులుతుంది. అంతే ప్లాట్. పెద్ద సంఘటనలేవీ అక్కర్లేదు.

మంచం సీన్ ముందు రాశాను, చిన్నదే కాబట్టి:

“ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతూ దొర్లుతూ మంచం మధ్యకి వచ్చేసింది. అక్కడ పరుపు కొత్తగా ఉంది, ఎవరూ పడుకోని చోటు. రెండు చేతులూ బార్లా చాపింది. ఏ చెయ్యీ ఎవరికీ తగల్లేదు. కాళ్లు కూడా చాపింది. దుప్పటి తన్నేస్తే కిటికీ గాలి పొట్ట మీదుగా వెళ్లింది. కుడిచేత్తో ఎడమచేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా నిమురుకుంది, ఎందుకో తెలీకుండానే. ఇంకోసారి నిమురుకుంది, ఈసారి తెలిసే. ఆ తర్వాత చెయ్యి ఎటు పోవాలో తనే చూసుకుంది. తొందరేమీ లేదు. ఎవరూ టైము చూడటం లేదు.”

ఇక్కడ ఆపేశాను. ఆపింది మొహమాటం వల్ల కాదు. ఆ చివరి వాక్యమే ఆ సీన్‌లో ఊడిపోయిన బ్రేకు.

జూన్ 14

ఒక నిజం కథలోకి రానివ్వాలా వద్దా అని మూడ్రోజులుగా నలుగుతోంది. విడిపోయాక మొదట పుట్టే కోరిక చాలాసార్లు పాత మనిషి మీదే పుడుతుంది. ప్రేమ మీద పరిశోధనలు చేసిన హెలెన్ ఫిషర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ప్రేమించినవాళ్లు వదిలేసినా ఇంకా ఆ ప్రేమలోనే ఉన్న 15 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి పాత ప్రియుడి ఫొటోనో ప్రియురాలి ఫొటోనో చూపించారు. మెదడులో బహుమతి కోసం ఆరాటపడే చోట్లు, కొకైన్ వ్యసనంలో వెలిగే చోట్లు వెలిగాయి. అంటే ఆ లాగుడు మనసు బలహీనత అని తీసిపారేయడానికి లేదు.

రానిచ్చాను. ఆమె ఫోన్‌లో పాత ఫొటో ఒకటి, తడిసిన చొక్కాతో అతను. చూస్తుంది. ఒళ్లు వేడెక్కుతుంది. ఫోన్ చెయ్యదు. ఫోన్ చెయ్యకపోవడాన్ని గెలుపుగా నేను రాయలేదు. “చూసింది, కావాలనిపించింది, పడుకుంది” అని మూడు ముక్కలు. ఈ సీన్ లేకపోతే తర్వాత వచ్చే మనిషి మీద కోరిక పాలతో కడిగినట్టు కనపడుతుంది. నాకు ఆ శుభ్రం అక్కర్లేదు.

జూన్ 20

ఇవాళంతా స్కేలు, స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా చూసి ఉంటే కథ రాస్తోందనుకోరు.

సంగతేమిటంటే, చర్మంలో నెమ్మదైన స్పర్శకి మాత్రమే బాగా స్పందించే నరాలు కొన్ని ఉన్నాయి, సి-టాక్టైల్ అంటారు. వెంట్రుకలుండే చర్మంలో, అంటే ముంజేతుల మీద, వీపు మీద, మెడ వెనక ఉంటాయి. అరచేతిలో బహు అరుదు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో రకరకాల వేగాలతో కుంచెతో నిమిరి చూస్తే, సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య వేగంలో ఆ నరాలు ఎక్కువ మోగాయి. మనుషులు “హాయిగా ఉంది” అన్నదీ ఆ వేగంలోనే. అంతకంటే తొందరపడ్డా, మరీ నత్తనడక నడిచినా ఆ హాయి తగ్గింది. ఇంకో విశేషం: ఈ నరాల్లో కబురు సెకనుకి దాదాపు ఒక మీటరు చొప్పున నింపాదిగా వెళుతుంది. ఎక్కడ తాకారన్నది వేరే నరాల ద్వారా వెంటనే తెలిసిపోతుంది. బాగుందన్నది కాస్త వెనకబడి వస్తుంది.

ఇది చదివాక నా డ్రాఫ్ట్‌లో స్పర్శ ఉన్న వాక్యాలన్నీ పరుగెడుతున్నాయని తెలిసింది. “అతను ఆమె చేతిని నిమిరాడు.” చదవడానికి రెండు సెకన్లు పట్టదు. నా ముంజెయ్యి కొలిస్తే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా 24 సెంటీమీటర్లు. సెకనుకి మూడు చొప్పున వెళితే ఎనిమిది సెకన్లు. అయితే ఆ వాక్యం పైకి చదివితే ఎనిమిది సెకన్లు పట్టాలి. పట్టేలా రాశాను:

“మోచేతి మడతలో మొదలైన వేలు, లోపలివైపు నీలంగా కనపడే నరం పక్కనే, దాన్ని దాటకుండా, ఎక్కడా నొక్కకుండా, పాత కాలిన మచ్చ దగ్గర కాస్త తడబడి, మణికట్టు దాకా వచ్చింది.”

దాని కింద వేరే వాక్యం: “బాగుంది.” పేరా మార్చి పెట్టాను, ఆలస్యంగా అందాలి కాబట్టి.

తెలుగులో క్రియ చివర రావడం ఇక్కడ ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. వేలు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే పాఠకుడు వాక్యం చివరిదాకా రావాల్సిందే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కామాలు చెబుతాయి. మచ్చ దగ్గర “కాస్త తడబడి” అన్న ముక్క మొదట లేదు. పైకి చదువుతూ ఉంటే ఆరో సెకను దగ్గర వాక్యం నున్నగా జారిపోతోందనిపించింది. ఏదో ఒకటి అడ్డు పడాలి. నా చేతి మీదే ఇస్త్రీపెట్టె చురక ఒకటి ఉంది, దాన్నే తీసుకెళ్లి ఆమెకి పెట్టాను.

ఇది అన్ని వాక్యాలకీ చేస్తే పాఠకులు నిద్రపోతారు. కథ మొత్తం మీద నాలుగైదు చోట్ల చాలు. మిగతా చోట్ల పొట్టి వాక్యాలే. పక్కన పొట్టివి ఉంటేనే పొడవైన వాక్యం నెమ్మదిగా ఉన్నట్టు తెలుస్తుంది.

జూన్ 27

అతను రాకముందే ఆమె ఒంటికి ఇంకో మనిషి చెయ్యి తగలాలి, కానీ ఆ తగలడంలో ఏ ఉద్దేశమూ ఉండకూడదు. డాక్టరు, టైలరు, బస్సులో పక్క సీటు, అన్నీ ఆలోచించాను. డాక్టరంటే భయం వచ్చి కూర్చుంటుంది. బస్సంటే చిరాకు. చివరికి పార్లర్‌లో తల కడిగే అమ్మాయి దగ్గర ఆగాను. అరచేతుల గొడవ లేదు, మెడ వెనక చర్మం ఉంది, కళ్లు ఎలాగూ మూసుకోవాలి.

“తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకోమంది ఆ అమ్మాయి. గోరువెచ్చని నీళ్లు ముందు నుదుటి అంచున తగిలాయి, చెవుల వెనక్కి జారాయి, మెడ గుంటలో కాసేపు నిలిచాయి. ఆ తర్వాత వేళ్లు. అవి పనిచేసే వేళ్లు, ఎవరి తలైనా వాటికొకటే. అయినా చెవి వెనక ఎముక దగ్గర బొటనవేలు ఆగి గుండ్రంగా తిరిగినప్పుడు ఆమె కాలివేళ్లు చెప్పుల్లో ముడుచుకున్నాయి. ఎనిమిది నెలలుగా తనని ఎవరూ ముట్టుకోలేదని ఆమెకి లెక్క ఉంది. ఆ లెక్క మెడ కూడా పెట్టుకుందని ఇప్పుడే తెలిసింది.

‘నీళ్లు వేడిగా ఉన్నాయా మేడమ్?’

‘లేదమ్మా. ఇంకాసేపు.’

అడిగేశాక సిగ్గేసింది. సిగ్గేసినందుకు సంతోషమేసింది.”

ఇందులో శృంగారం ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. కథలో మొదటిసారి ఆమె ‘ఇంకా’ అంది. నా మటుకు నాకు అది చాలు.

జూలై 4

అతను వచ్చాడు. ఎవరో కాదు, ఆఫీసులో పక్క సెక్షన్ మనిషి. ఇన్నాళ్లూ లిఫ్ట్‌లో తల ఊపడం తప్ప మాట్లాడింది లేదు. ఆమె చిన్న ఇంటికి మారుతోంది. రావాల్సిన మనుషులు రాలేదు. ఇనప బీరువా మెట్ల మీద నుంచి ఎక్కించాలి.

బీరువా ఎందుకంటే, రెండు శరీరాలు ఒకే బరువు కింద ఉండాలి, ఒకరి ముఖం ఒకరికి కనపడకూడదు. ఆమె పైన, అతను కింద. మధ్యలో ఆరడుగుల ఇనుము. ఆమెకి కనపడేదల్లా అడుగు అంచు పట్టుకున్న అతని వేళ్లు, అవీ మలుపు తిరిగినప్పుడు మాత్రమే. చూపులు కలవడం, పెదవి కొరుక్కోవడం లాంటి పాత సరుకుకి అక్కడ చోటే దొరకదు. మిగిలేది గొంతు ఒక్కటే.

“మీ వైపు కాస్త ఎత్తండి.”

“ఆగండి, ఆగండి. వేలు ఇరుక్కుంటుంది.”

“ఆగాను. చెప్పండి.”

“ఇప్పుడు. నెమ్మదిగా.”

“బరువుగా ఉందా?”

“ఉంది. దించకండి.”

ఈ ఆరు ముక్కలూ మార్చకుండా ఉంచేశాను. రాస్తున్నప్పుడు ఇది సామాన్లు మోసే సంభాషణే. తీరా రాశాక చూస్తే కథకి కావల్సిన పడకగది మాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. సమ్మతి గురించి శృంగార కథల్లో పెద్ద టెన్షన్ ఉంటుంది: ఆమె ఒప్పుకుందని తెలియాలి, ఫారం మీద సంతకం పెట్టినట్టు ఉండకూడదు. మెట్ల మీద ఇద్దరూ అడుగడుక్కీ అడుగుతున్నారు, చెబుతున్నారు, ఆగమంటే ఆగుతున్నారు. ఆగకపోతే వేలు నలుగుతుంది కాబట్టి. ఆ అలవాటే గదిలోకి కూడా నడిచొస్తుంది.

ఈ సీన్‌లో ఆమె భుజాల బ్రేకు వదలాలి. బరువు దించాక మెట్ల మలుపులో గోడకి చేరబడి ఇద్దరూ రొప్పుతారు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. ఆమెకి అతని చెమట వాసన వస్తుంది. ఆమె ఒక్క అంగుళం కూడా పక్కకి జరగదు. జరగలేదని ఆమెకి తెలుస్తుంది. అక్కడితో సీన్ కట్.

జూలై 12

రాత్రి సీన్. ఇంక వాయిదా వెయ్యడానికి సాకులు దొరకలేదు.

ఒక నియమం పెట్టుకున్నాను: పక్క మీదకి వెళ్లాక ఒక్క ఉపమానం కూడా ఉండదు. బ్రిటన్‌లో లిటరరీ రివ్యూ పత్రిక 1993 నుంచి చాలా ఏళ్లపాటు నవలల్లోని అధ్వాన్నమైన శృంగార వర్ణనకి ఏటా ఒక వెక్కిరింపు బహుమతి ఇచ్చేది. అందులో పేరుమోసిన రచయితలు కూడా దొరికిపోయారు. వాటిల్లో ఎక్కువ భాగం తడబడింది పోలికల దగ్గరే. అగ్నిపర్వతాలు, అలలు, పక్షులు వచ్చేసరికి మంచం మీద మనుషులు కనపడకుండా పోతారు. కాబట్టి వేలు అంటే వేలు, ఊపిరి అంటే ఊపిరి.

“‘ఆగండి,’ అంది.

అతని చెయ్యి ఆగింది. నడుము మీద, ఎక్కడున్నది అక్కడే. వెనక్కి పోలేదు, ముందుకి రాలేదు. కింద ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ అవడం లేదు. ఫ్యాన్ గాలికి అతని చొక్కా అంచు ఆమె పొట్టకి తగులుతోంది, పోతోంది, తగులుతోంది.

‘చెప్పండి,’ అన్నాడు.

చెప్పడానికేమీ లేదు. ఆగమంటే ఆగుతాడా అని చూసింది, అంతే. ఆగాడు. ఆగిన ఆ చేతి కింద చర్మం వేడెక్కి, ఆ వేడి పొత్తికడుపులోకి, అక్కణ్ణుంచి తొడల లోపలివైపుకి దిగింది.

‘ఇప్పుడు,’ అంది. ‘నెమ్మదిగా.’

హుక్కులు తనే తీసుకుంది. తీస్తూ అతని ముఖం చూసింది. అతను దాచుకోలేదు, కావాలని తెలిసేటట్టే చూస్తున్నాడు. చూడనిచ్చింది. లైటు వెలుగుతూనే ఉంది. పక్క సొరుగులోంచి కండోమ్ తీసి కవర్ చింపబోతే చేతులు వణికి అది కింద పడింది. ఇద్దరూ మంచం దిగి వెతుకుతూ నవ్వారు. నగ్నంగా ఉండి నవ్వడం ఎంత కాలమైందో.

మళ్లీ పైకి వచ్చాక నవ్వు ఇంకా అతని పెదవుల మీద ఉంది. ఆ పెదవులు మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట ఆని, వెన్ను మీదుగా, ఒక్కో ఎముక దగ్గరా ఊపిరి వదులుతూ, ఆమె వేళ్లు దుప్పటిని పిడికిట్లో పట్టుకునేదాకా, కిందికి వచ్చాయి.

బాగుంది.

ఆమె అతని వైపు తిరిగింది. అతన్ని మీదికి లాక్కుంది. అతని బరువంతా ఆమె మీద పడింది, రొమ్ముల మీద, కడుపు మీద, తొడల మీద. అతను మోచేతుల మీద లేవబోయాడు.

‘బరువుగా ఉందా?’

‘ఉంది,’ అంది. ‘లేవకు.’”

దీని తర్వాత ఇంకో పేజీ రాశాను. ఇద్దరి కదలిక, ఆమె అతని చెయ్యి పట్టుకుని ఎక్కడ, ఎంత నెమ్మదిగా అని చూపించడం, ఆమెకి ముందు అవడం, గొంతులోంచి వచ్చిన శబ్దం తనదేనా అని ఆమె ఆశ్చర్యపోవడం. ఆ పేజీ కథలో ఉంటుంది, ఇక్కడ పెట్టను. అది రాయడం పెద్ద కష్టం కాలేదు. తంటా అంతా “లేవకు” దగ్గరే పడ్డాను. అప్పటిదాకా ఇద్దరూ ‘మీరు’లో ఉన్నారు. ‘నువ్వు’లోకి ఎప్పుడు దిగాలి? ముద్దు దగ్గర దించితే తొందరపడినట్టుంది. అన్నీ అయ్యాక దించితే అలవాటు కొద్దీ అన్నట్టుంది. బరువు ఉందని చెప్పి, ఆ బరువు తనకి కావాలని అడిగే చోట ఆమె నోటి నుంచి దానంతటది జారాలి. అతను మాత్రం మర్నాడు కూడా కాసేపు ‘మీరు’ అనే అంటాడు. ఆ తేడా నాకు ముద్దొచ్చింది, ఉంచేశాను.

జూలై 16

డ్రాఫ్ట్ ఒక స్నేహితురాలికి ఇచ్చాను. విడిపోయిన అనుభవం ఉన్న మనిషి, మొహమాటం లేని మనిషి. ఫోన్ చేసి నేరుగా అడిగింది: “అతని ఒళ్లేదే?”

నిజమే. ఆమె చర్మం మీద ప్రతి అంగుళం రాశాను. అతనికి వేళ్లు, పెదవులు, బరువు తప్ప ఏమీ లేవు. కోరిక ఆమెదైనప్పుడు చూడాల్సింది కూడా ఆమే కదా. ఇంత కథ రాసి ఆమె కళ్లకి పని చెప్పకపోతే ఎలా? చొక్కా తీసినప్పుడు భుజం మీద బీరువా అంచు ఒత్తుకున్న ఎర్రటి గీత, పొట్ట దగ్గర కొంచెం లావు, బొడ్డు నుంచి కిందికి సన్నగా దిగిన వెంట్రుకల వరస, ఆమె వేలు తగిలినప్పుడు అక్కడి కండరం ఉలిక్కిపడటం. అతనికి 45 దాటాయి, సినిమా హీరో ఒళ్లు అక్కర్లేదు. ఆమె చూస్తుంది, ఇష్టంగా చూస్తుంది, అతను కాస్త సిగ్గుపడతాడు. సిగ్గు ఈసారి అటువైపు వెళ్లడం నాకు భలే నచ్చింది.

రెండో వ్యాఖ్య దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. “పాత మనిషి ఫొటో సీన్ తీసెయ్, ఆమె మీద గౌరవం తగ్గుతుంది” అంది. కాసేపు వాదించుకున్నాం. తియ్యను. గౌరవం తగ్గితే తగ్గనీ.

జూలై 21

కత్తిరింపులు. వంటింట్లో ఏడ్చే సీన్ తీసేశాను, ఏడుపు అయిపోయిన మనిషి కథ ఇది. ఆమెకి సలహాలు చెప్పే చెల్లెలు మొత్తం ఎగిరిపోయింది. రాత్రి సీన్‌లో “మైమరచి”, “పరవశించి”, “తనువు” దొరికిన చోటల్లా కొట్టేశాను. మూడు పేజీలు తగ్గాయి, ఏమీ పోయినట్టు లేదు.

ముగింపు మార్చాను. ఇద్దరూ కలిసి ఉంటారని తేలే పేరా ఒకటి ఉండేది. తీసేశాక కథ ఇంకా నిటారుగా నిలబడింది. మర్నాడు పొద్దున అతను వెళ్లాక ఆమె మళ్లీ మంచం మధ్యకి జరిగి నిద్రపోతుంది. అతను మళ్లీ వస్తాడా అన్నది కథకి సంబంధించిన ప్రశ్న కాదు. పాఠకులు అడుగుతారు. అడగనిస్తాను.

జూలై 26

పేరు గొడవ. కథ ఏ పేరుతో పంపాలి? కలం పేరు పెట్టుకోమని ఇద్దరు చెప్పారు, ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. “నీ గురించే అనుకుంటారు” అన్నారు. హత్య కథ రాస్తే నేను హంతకినని ఎవరూ అనుకోరు. పక్క మీద కథ రాస్తే మాత్రం ఆ పక్క నాదే అయిపోతుంది. ఏ మాటకామాటే, కలం పేరుతో రాయడంలో తప్పేమీ లేదు. ఉద్యోగాలూ ఇళ్లూ కాపాడుకోవాల్సినవాళ్లు ఉంటారు. నాకు ఆ అవసరం అంతగా లేదు, ఇస్త్రీపెట్టె మచ్చ కూడా నాదే. సొంత పేరుతోనే పంపుతున్నాను.

పైకి చదువుతూ ఆఖరి చూపు చూస్తున్నాను. ఎనిమిది సెకన్ల వాక్యం ఇప్పటికీ ఎనిమిది దగ్గరే ఉంది. “బాగుంది” రెండుసార్లు వచ్చింది, మూడోది ఎక్కడైనా దూరిందేమో వెతికాను, లేదు. స్నేహితురాలు రాత్రి మెసేజ్ పెట్టింది: బీరువా మెట్ల దగ్గర తలుపులు గోడవైపు ఉన్నాయట, గదిలోకి వచ్చేసరికి తిప్పకుండానే కిటికీవైపు తెరుచుకుంటున్నాయట. అలాగైతే మెట్ల మలుపులో ఇద్దరూ ఎటు నిలబడ్డారో మళ్లీ గీసుకోవాలి. కాగితం మీద గీసి, వేళ్లు ఎవరికి ఏ వైపు కనపడతాయో సరిచూసి, రేపు పొద్దున పంపించేస్తాను.